తగ్గిన జమున, తగ్గని సంధ్య

జనగామ,
ఏప్రిల్ ఆఖరు ఆదివారం

జమునా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నువ్వు అడగవు. హాస్టల్ సెలవుల్లో మొదలైన ఈ అలవాటును మనం ఇన్నేళ్ళూ మానలేదు. మా ఇంట్లో ఫోన్ మోగితే మా అత్త అండాలు స్పీకర్ పెట్టమంటుంది. ఈ విషయం స్పీకర్‌లో చెప్పుకునేది కాదు.

మొన్న హన్మకొండ బస్సులో ఇరుక్కుపోయాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. అయినా కండక్టర్‌ను కాబట్టి నేను ప్రతి ఒక్కరి దగ్గరికీ పోయి జీరో టికెట్ కొట్టి ఇవ్వాల్సిందే. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంకో గుంపు ఎక్కింది. బస్సు నడుమ ఒక బియ్యం సంచికీ, ఒక బాలింతకూ మధ్య నేను ముందుకు పోలేను, వెనక్కి రాలేను. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి జాలిపడింది. "బిడ్డా, నువ్వు గాడనే ఉండు. మేమే ఒక్కొక్కలం నీ కాడికి వస్తం" అన్నది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక నాకు ఊపిరి అందలేదు. డ్రైవర్ బస్సు పక్కకు ఆపి నీళ్ళు తాగించాడు.

దవాఖానకు పోతే డాక్టరమ్మ సుగర్ గీత మీద ఉందన్నది. మోకాళ్ళు ఇట్లాగే ఉంటే నిలబడి చేసే ఉద్యోగం ఎన్నాళ్ళు చేస్తావని అడిగింది. అక్కడ భయపడ్డాను. కూర్చుని చేసే పని మా డిపోలో నాకు ఎవరిస్తారు? అయినా బింకంగా, "తగ్గుడు నాకు వచ్చు మేడం. రెండుసార్లు తగ్గిన" అన్నాను. ఒకసారి సొరకాయ రసంతో, ఒకసారి రాత్రి తిండి మానేసి తగ్గాను కదా.

"మళ్ళ ఎంత పెరిగినవ్?"

"తగ్గినదానికన్న ఎక్కువనే."

"అయితే నీకు తగ్గుడు వచ్చు గని, ఉండుడు రాదు. ఈసారి గది నేర్చుకో. బతికినన్ని రోజులు చేసేదే చెయ్యి. చేయలేనిది మొదలే పెట్టకు."

నువ్వూ నాతో చేరు జమునా. పోయినసారి కలిసినప్పుడు మనిద్దరం ఒక సీట్లో పట్టలేదు, గుర్తుందా?

నీ సంధ్య


డోర్నకల్,
మే నెల

సంధ్యా,

చేరాను. పొద్దంతా కుట్టుమిషన్ ముందు కూర్చునే దానికి ఇంకే గతి ఉంది?

మా ఆయన వెంకటేశ్ సంగతి నీకు తెలుసు. రైలు పట్టాల వెంట రోజంతా నడిచే ఉద్యోగం కాబట్టి ఎంత తిన్నా ఎండుపుల్లే. ఆయన పక్కన నిలబడితే నేను ఆయన్ను మింగేసినట్టు కనిపిస్తాను. నిన్న తండా నుంచి మా యాడి వచ్చింది, ఎప్పటిలాగే నెయ్యి సీసాతో. తగ్గుతున్నానని చెప్పాను. "బిడ్డను చూస్తే బుగ్గలు కనబడాలె గని, బొక్కలు కనబడుడేంది?" అని సీసా మూత తీసి నా రొట్టె మీద వంచింది. మా అమ్మ సుక్కి మాటకు ఎదురు చెప్పిన మనిషి మా తండాలో ఇంకా పుట్టలేదు.

ఊళ్ళో అందరి నడుములూ కొలిచే టేపు నాది. దాంతో నా నడుము ఎన్నడూ కొలవలేదు. నిన్న తలుపేసుకుని కొలిచాను. ఎంతో చెప్పను. కొలిచాక టేపును సొరుగులో వేసి తాళం పెట్టాను.

పొద్దున్నే స్టేషన్ దాకా నడుస్తున్నాను. చూద్దాం.

జమున


జనగామ,
జూన్ నెల

జమునా,

మా ఇంట్లో యుద్ధం నడుస్తోంది. నేను అన్నం తగ్గించి వడ్డించుకుంటాను, అత్త వెనక నుంచి వచ్చి గరిటెడు వేస్తుంది. "గింత బువ్వ తిని బస్సెక్కుతవా? తొవ్వల పడిపోతే మందికి నేనేం జవాబు చెప్పాలె?"

చివరికి నేనే దారి మార్చాను. అన్నం జోలికి పోకుండా, ముందు గిన్నెడు కూర పెట్టించుకుని తింటున్నాను. బీరకాయో, గోంగూర పప్పో ఏదైనా సరే. తన కూర గిన్నె ఖాళీ అవుతుంటే అత్తకు సంతోషం. ఆ తర్వాత అన్నం ఎంత తిన్నానో ఆమె చూడటం లేదు. యుద్ధం అయిపోయింది. ఎవరూ ఓడిపోలేదు.

ఇంకోటి తెలిసింది. ఇన్నేళ్ళూ బస్టాండు బజ్జీలు నా బలహీనత అనుకున్నాను. చీకటితో ఒక్క చాయ తాగి డ్యూటీ ఎక్కితే, హన్మకొండ చేరేసరికి ఎవరికైనా కళ్ళు బండి మీదికే పోతాయి. ఇప్పుడు జొన్నరొట్టె, రెండు గుడ్లు డబ్బాలో తెచ్చుకుంటున్నాను. డిపో నుంచి ఇంటికి ఆటో ఎక్కకుండా నడిచి వస్తున్నాను. బజ్జీల వాసన ఇప్పటికీ బాగానే ఉంటుంది, కాకపోతే నన్ను పేరు పెట్టి పిలవడం లేదు.

ఫలితం చెప్పాలంటే, పాత జాకెట్టుకు ఒక హుక్కు కలిసింది. రెండోది ఇంకా దూరంగానే ఉంది. నీ సంగతి రాయి.

సంధ్య


డోర్నకల్,
జూలై నెల

సంధ్యా,

నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను సగమైపోయాను.

నమ్మవు కానీ, మానిందేమీ లేదు. పొద్దున్నే నాలుగు రొట్టెలు తింటాను, దుకాణం తీసేసరికి మళ్ళీ ఆకలి. యాడి నెయ్యి సీసా ఒక్కదాన్నే ఖాళీ చేశాను. అయినా జాకెట్లు వదులవుతూనే ఉన్నాయి. వారానికోసారి కుట్లు వేసి బిగించుకుంటున్నాను. దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు కొలతలు ఇవ్వడం మానేసి నన్నే కొలుస్తున్నారు. "అక్కా, ఏం వాడుతున్నవో జర మాకు గూడ చెప్పరాదు?" అంటున్నారు. చెప్పడానికి నా దగ్గర ఏముంది? నవ్వి ఊరుకుంటున్నాను. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో నన్ను ముందు వరుసలో నిలబెట్టి ఫోటో తీశారు. ఇన్నాళ్ళూ వెనక నిలబడి ఎవరో ఒకరి భుజం చాటున దాక్కునేదాన్ని.

ఒకటే పరేషాన్. వానలు పడుతున్నా నాకు ఉడుకుపోస్తోంది. రాత్రంతా ఫ్యాన్ కావాలి, వెంకటేశ్ చెద్దరు కప్పుకుని ముడుచుకుని పడుకుంటున్నాడు. నిద్ర కూడా సరిగ్గా లేదు. నిన్న చిన్న మాటకే ఒక గిరాకీతో కొట్లాడాను. బక్కవాళ్ళకు కోపం ఎక్కువంటారు కదా, అదేనేమో.

జమున


భూపాలపల్లి,
ఆగస్టు నెల

జమునా,

నన్ను భూపాలపల్లి డిపోకు మార్చారు. మా ఆయన సురేశ్ తన మోటార్లకు తీగ చుట్టే దుకాణం వదిలి రాలేడు, అత్త కొడుకును వదిలి రాదు. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. తెల్లవారి చెల్పూర్ వైపు పోయే బస్సు నాది. కరెంటు కార్ఖానాలో డ్యూటీ ఉన్నవాళ్ళంతా అందులోనే ఎక్కుతారు. తిరిగి వచ్చాక వండుకునే ఓపిక ఉండదు. గది కిందనే బజ్జీల బండి. కాగితానికి నూనె అంటకముందే బజ్జీలు అయిపోతున్నాయి.

కలిసిన హుక్కు మళ్ళీ విడిపోయింది.

ఇట్లా ఉన్నప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నాలుగు రొట్టెలు, నెయ్యి సీసా, పైగా సగమైపోయానని రాశావు. నేను చూసి చూసి తిని ఇట్లా ఉన్నాను. ఏదో పొడి తాగుతున్నావు జమునా, నాకు చెప్పడం లేదు. ఊరివాళ్ళ దగ్గర దాచు, నా దగ్గర దాస్తావా? ఇంకా రాస్తే తిట్లు వస్తాయి.

సంధ్య


డోర్నకల్,
సెప్టెంబరు నెల

సంధ్యా,

పొడీ లేదు, గిడీ లేదు. మే నెల దాటాక నేనేమీ చేయలేదు. నడక కూడా మానేశాను, నాలుగు అడుగులకే ఆయాసం వస్తోంది.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఈ మధ్య ఊరికే ఏడుపొస్తోంది, దానికి నువ్వు కారణం కాదులే. దసరా జాకెట్లు ఒప్పుకోలేదు. సూదిలోకి దారం ఎక్కడం లేదు. కళ్ళు బాగానే ఉన్నాయి, చెయ్యే నిలవడం లేదు. గిరాకీలకు మిషన్ పాతబడిందని చెప్పాను. గుండె కూడా పాత మిషన్‌లాగే టకటకమంటోంది. వెంకటేశ్‌కు చెప్పలేదు. ఎవరికి చెప్పినా ఏమంటారు? బక్కగయినవ్, ఇంకేం గావాలె అంటారు.

అక్షరాలు వంకరపోయాయి, ఏమనుకోకు.

జమున


భూపాలపల్లి,
సెప్టెంబరు ఆఖరు

జమునా,

నా సుగర్ చూపించుకుందామని ఇక్కడి డాక్టర్ దగ్గరికి పోయాను. చీటీ రాస్తుంటే నా ఏడుపంతా ఆయన ముందు పెట్టాను. "నా దోస్తు ఒకామె ఉన్నది సార్. ఇష్టమొచ్చినట్టు తిని సగమైంది. నాకెందుకు రాదు గంత అదృష్టం?" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు.

"చేతులు వణుకుతున్నయా ఆమెకు?"

నీ వంకర అక్షరాలు గుర్తొచ్చాయి. వణుకుతున్నాయన్నాను.

"ఉడుకపోత? గుండె దడ? నిద్ర లేకపోవుడు? ఊరికే కోపం?"

అన్నిటికీ జవాబు నాకు తెలుసు జమునా. అన్నీ నువ్వు రాసినవే, అన్నీ నేను చదివినవే. చదివి కుళ్ళుకున్నాను తప్ప ఒక్కదాన్నీ ఆలోచించలేదు.

"తిండి పెరుగుతుంటే మనిషి తరుగుతున్నదంటే గది అదృష్టం కాదమ్మా. వెంటనే రక్తం చూపియ్యమను" అన్నాడు.

బయటికి వచ్చి ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. వెంకటేశ్ అన్నకు చేశాను. "తగ్గింది, మంచిగనే ఉన్నదనుకున్న చెల్లె" అని, నిన్ను ఎక్కడికి తీసుకురావాలో అడిగాడు. వచ్చే బుధవారం నాకు సెలవు. పొద్దున్నే మహబూబాబాద్ పెద్ద దవాఖాన గేటు దగ్గర ఉంటాను. ఆయన నిన్ను తీసుకొస్తాడు. ఈ ఉత్తరం ముందు చేరితే సరే, లేకపోతే నేనే ముందు చేరుతాను.

సంధ్య


డోర్నకల్,
అక్టోబరు నెల

సంధ్యా,

నువ్వు వెళ్ళిన మర్నాడు రిపోర్టు వచ్చింది. గొంతు దగ్గర చిన్న గ్రంథి ఉంటుందట కదా, థైరాయిడ్. అది ఉండాల్సిన దానికంటే ఎక్కువ పనిచేస్తోందట. అందుకే ఒళ్ళంతా ఎవరో తరుముతున్నట్టు ఉంది. ఇంకా ఆలస్యమైతే గుండె మీద పడేదన్నారు. మందులు చాలాకాలం వాడాలి. నయమవుతుందని ధైర్యం చెప్పారు.

నువ్వు ఆ రోజు వరుసలో నా చేయి వదలకుండా నిలబడ్డావు. నీ మోకాళ్ళు నొస్తున్నాయని తెలిసినా కూర్చోమని చెప్పలేదు. చేయి వదులుతావేమోనని.

ఒక మాట నీకే రాస్తున్నాను. మందు వేసుకుంటే బరువు సంగతేమిటని డాక్టరును అడిగాను. "పెరుగుతవమ్మా. పెరగాలె గద" అన్నాడు. ఇంటికి వచ్చి గోలీల పెట్టెను గుండీల డబ్బాలో పెట్టాను. ఇంకా విప్పలేదు. వెంకటేశ్ అడిగితే వేసుకున్నానని చెప్తున్నాను. పిచ్చి అని నాకూ తెలుసు. కానీ సంధ్యా, నలభై ఏళ్ళలో మొదటిసారి మనుషులు నన్ను ఆగి చూశారు. మొదటిసారి నా ఫోటో నేను మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఆ గోలీలు ఒక్కొక్కటీ దాన్ని తీసుకుపోతాయి.

జమున


భూపాలపల్లి,
అక్టోబరు ఆఖరు

జమునా,

ఫోన్ చేయబోయి ఆగాను. ఫోన్లో అయితే అరుస్తాను. కాగితం మీద అరవడం నాకు రాదు.

నీది అదృష్టమన్నది నేను, చూసి కుళ్ళుకున్నదీ నేనే. అందుకే నా మాట విను. వాళ్ళంతా నీ నడుము చూశారు. దవాఖాన వరుసలో నీ మణికట్టు నా చేతిలో ఉంది. పిచ్చుకను పట్టుకున్నట్టు అనిపించింది. అంత కొట్టుకుంటోంది. నన్ను అడిగితే ఆ ఫోటోలో ఉన్నది నువ్వు కాదు. నిన్ను తినేస్తున్నది అక్కడ నిలబడి నవ్వుతోంది.

ఆ బరువు నువ్వు తగ్గించుకున్నది కాదు, నీ దగ్గర నుంచి ఎత్తుకుపోయింది. దొంగ తిరిగి ఇస్తానంటే వద్దంటావా?

జనవరి ఆఖర్లో మేడారం జాతర. మాకు అక్కడే డ్యూటీలు పడతాయి. సమ్మక్క, సారలమ్మ తల్లులకు మొక్కుకున్నాను. జమున మందు వేసుకుని నిండుగా అయితే ఆమె నిలువెత్తు బంగారం ఇస్తానని. అక్కడ బంగారమంటే బెల్లమే కదా, నిన్ను తక్కెడలో కూర్చోబెట్టి నీ బరువంత బెల్లం తూచాలి. నువ్వు ఇట్లాగే బొక్కలతో వచ్చి కూర్చుంటే తల్లుల ముందు నా పరువేం కాను?

ముందు ఆ డబ్బా మూత తియ్యి.

సంధ్య


డోర్నకల్,
నవంబరు మొదటి వారం

సంధ్యా,

వేసుకున్నాను. వెంకటేశ్ ముందరే. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఆయన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

జమున


భూపాలపల్లి,
డిసెంబరు ఆఖరు

జమునా,

రాత్రి ఫ్యాన్ లేకుండా నిద్రపోయావని వెంకటేశ్ అన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయన అంత సంతోషంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇక నా సంగతి. నీ గొడవలో పడి నా బజ్జీల గురించి నీకు చెప్పలేదు. మహబూబాబాద్ నుంచి వచ్చిన రోజు గదిలో పొయ్యి పెట్టుకున్నాను. జనగామలో నన్ను మా అత్త కూర కాపాడింది కాబట్టి, ఇక్కడ ఆ కూర నేనే వండుకోవాలని అర్థమైంది. సెలవు రోజు పప్పు, కూరగాయలు తెచ్చి పెట్టుకుంటున్నాను. పొద్దున డబ్బా కట్టుకుంటున్నాను. బజ్జీలు మానలేదు. ఎప్పుడైనా తినాలనిపిస్తే పక్క గది ఆమెతో కలిసి నిలబడి, ముచ్చట్లు చెప్పుకుంటూ తింటున్నాను. ఒంటరిగా గదిలోకి తెచ్చుకోవడం మాత్రం లేదు. విడిపోయిన హుక్కు కలిసింది, దాని పక్కది కూడా.

ఆ తర్వాత బరువు చూసే మిషన్ మీద ముల్లు ఆగిపోయింది. ఎంత నడిచినా కదలడం లేదు. పాత సంధ్య లేచి కూర్చుంది. రాత్రి తిండి మానెయ్యి, సొరకాయలు తెచ్చుకో అన్నది. కూరగాయల బండి దగ్గర సొరకాయ చేతిలోకి తీసుకున్నాను కూడా. పోయిన రెండుసార్లూ సరిగ్గా ఇక్కడే తొందరపడ్డాను, ఆకలికి ఓర్చుకోలేక ఇక్కడి నుంచే జారాను. సొరకాయను కొన్నాను, కానీ పులుసు పెట్టుకున్నాను.

డాక్టర్ దగ్గరికి పోయి తగ్గడం లేదన్నాను. "పెరుగుతున్నవా?" అన్నాడు. లేదన్నాను. సుగర్ చీటీ చూసి, "సుగర్ దిగింది. మెట్లెక్కితే ఆయాసం లేదంటున్నవ్. ఉండమ్మా గిట్లనే. ఉండుడు గూడ పనే" అన్నాడు. జనగామ డాక్టరమ్మకూ ఈయనకూ చుట్టరికమేమైనా ఉందేమో.

జాతరలో కలుద్దాం. బాగా తిని రా.

సంధ్య


డోర్నకల్,
ఫిబ్రవరి నెల

సంధ్యా,

జాతర నుంచి వచ్చి ఇన్ని రోజులైనా యాడి ఇంకా ఆ తక్కెడ ముచ్చటే చెప్తోంది. తండాలో ఎవరు కనిపించినా నిలబెట్టి చెప్తోంది. "నా బిడ్డ కూసున్నది. బెల్లం పెట్టిండ్రు, ఇంకా పెట్టిండ్రు, అయినా తక్కెడ లేస్తలేదు. నేనైతే మొక్కు మొక్కినామె దిక్కు చూసిన. ఆమె నవ్వబట్టె." అంత జనంలో నన్ను తూచుతుంటే సిగ్గుపడతాననుకున్నాను. బెల్లం దిమ్మ వేసిన ప్రతిసారీ వెంకటేశ్ మొహం చూశాను, సిగ్గు మరిచిపోయాను.

నువ్వు కూడా కూర్చున్నావు చూడు, మొక్కేమీ లేకుండానే, బెల్లం దుకాణపతన్ని బతిమాలి. "అక్కా, నీకెంత బంగారం?" అని అతను అడిగితే, "బంగారం వద్దు తమ్ముడూ, ఉత్తగనే తూచు" అన్నావు. తూచాక నీ మొహం వెలిగిపోయింది. ఎంత తగ్గావో అనుకున్నాను. నీ చెవి దగ్గరికి వచ్చి అడిగితే, "నవంబరుల ఎంతనో గంతనే ఉన్న" అన్నావు. అది సంతోషించే ముచ్చటని నాకు అప్పుడు తట్టలేదు. బస్సులో తిరిగి వస్తుంటే అర్థమైంది.

దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు మళ్ళీ చూస్తున్నారు. "అక్కా, మళ్ళ పెరిగినవేంది? గది వాడుడు బంద్ చేసినవా?" అంటున్నారు. మొదట్లో మొహం దించుకునేదాన్ని. మొన్న ఒకామెకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయి, తన చెల్లెలికి కూడా చేతులు వణుకుతున్నాయని, ఇంట్లో అందరూ బక్కగా అందంగా అయిందని మురుస్తున్నారని చెప్పింది. ఇద్దరూ నిన్న మహబూబాబాద్ పోయారు. ఫోటో సంగతి అడుగుతావేమో. తీసేయలేదు. చూసుకోవాలని మాత్రం అనిపించడం లేదు.

నువ్వు పంపిన డ్యూటీ కోటు నిన్న కుట్టాను. సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కింది. వెంకటేశ్‌ను పిలిచి, మళ్ళీ తీసి, మళ్ళీ ఎక్కించి చూపించాను. నిన్న పొద్దున నా జాకెట్ల కుట్లు అన్నీ విప్పాను, మధ్యాహ్నం నీ కోటు రెండు పక్కలా బిగించాను. లోపల మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యమని చీటీ రాసి పెట్టావు, మళ్ళీ పెరిగే దారి ఉండొద్దని. కత్తిరించలేదు. ఎవరికైనా లోపల గుడ్డ వదలకుండా కుట్టడం నాకు చేతకాదు. అది లోపల ఉంటే ఉండనీ, నువ్వు నీలాగే నడువు.

పార్సిల్ రేపు భూపాలపల్లి బస్సుకు వేయిస్తాను. భుజాల దగ్గర పట్టేస్తే చెప్పు.

ఆకలేస్తోంది. మామూలు ఆకలే. అన్నం తిని వచ్చి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటాను.

నీ జమున